ఇథియోపియా రాజుల కథల్లోంచి చరిత్రను వేరుచేసి చదవడం ఎలా?

ముందు 1270తో మొదలుపెట్టండి, బైబిల్లో సొలొమోను రాజును చూడవచ్చిన షేబ రాణి సంగతి తర్వాత. ఆ ఏడాది యెకునో అమ్లాక్ అప్పటిదాకా ఏలిన జాగ్వే వంశాన్ని దించి గద్దెనెక్కాడు, మాది సొలొమోను వంశం అని అతని రాజకుటుంబం చాటుకుంది. ఇప్పుడు బైబిల్లో షేబ రాణి ఘట్టం తీయండి, అక్కడ ఆమె పేరు లేదు, కొడుకు ఊసూ లేదు. ఆ తర్వాత 14వ శతాబ్దంలో ఇథియోపియా ప్రాచీన భాష గీజ్‌లో రూపుదిద్దుకున్న కెబ్రా నగస్త్ (రాజుల మహిమ) అనే గ్రంథం పట్టుకుంటే ఆమె మకెడా అయింది, సొలొమోనుతో ఆమెకు మెనెలిక్ పుట్టాడు, అతనితోపాటు పది ఆజ్ఞల పలకలుండే మందసం కూడా ఇథియోపియాకు వచ్చేసింది! చదివేటప్పుడు ఈ కథ ఎవరి గద్దెకు అండగా నిలిచిందో చూసుకుంటూ వెళ్లండి, ఎందుకంటే 1955 ఇథియోపియా రాజ్యాంగం కూడా అప్పటి చక్రవర్తి హైలే సెలాసీ వంశాన్ని ఆ మెనెలిక్ దాకా తీసుకెళ్లింది.

గట్టి ఆధారం కావాలంటే ఇథియోపియాలోని పాత రాజ్యం అక్సుమ్ నాణేలు చూడండి. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం తీసుకున్నాక వాటి మీద నెలవంక పోయి శిలువ వచ్చింది.

జాగ్వేలను మాత్రం దాటేయకండి. వాళ్ల కాలంలో లాలిబెలా అనే ఊళ్లో కొండరాతిని తొలిచిన చర్చిలకు రాత్రిళ్లు దేవదూతలు పనిచేశారని కథ చెబుతారు, కానీ ఆ రాజుల పేరు చాలామంది తలవకపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త, 1896లో అడ్వా యుద్ధంలో ఇటలీని ఓడించింది రెండో మెనెలిక్, షేబ రాణి కథలోని మెనెలిక్ కాదు.