ఐఎస్‌డీ బిల్లు దారికొచ్చింది (నా అనుభవం)

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. అమ్మకి స్మార్ట్‌ఫోన్ గిట్టదు. డల్లాస్‌లో ఉన్న పిన్నికీ అంతే, ఆవిడది ల్యాండ్‌లైనే. అక్కాచెల్లెళ్లు మాటల్లో పడితే బిల్లు వాచిపోయేది. మాట్లాడొద్దని అమ్మకి ఎలా చెప్తాం?

అమ్మ ఫోన్ మార్చకుండా కాల్ వెళ్లే దారి మార్చాను. మన దేశం నుంచి విదేశీ నంబర్లకి ఇంటర్నెట్ మీదుగా ఫోన్ చేసుకోవడానికి 2002 ఏప్రిల్ నుంచే అనుమతి ఉంది. లైసెన్సున్న కంపెనీలో ఖాతా తెరిచి, మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే ఏటీఏ అనే చిన్న పెట్టె కొన్నాను. అందులో రెండు సాకెట్లు చూసుకోవాలి: ఎఫ్ఎక్స్ఎస్‌కి ఫోను, ఎఫ్ఎక్స్ఓకి గోడలోంచి వచ్చే పాత లైను. డయల్ ప్లాన్‌లో, అంటే ఏ నంబరు ఏ దారిన వెళ్లాలో పెట్టెకి చెప్పే సెట్టింగ్‌లో, ఒకే నియమం పెట్టాను. 00తో మొదలైతే ఇంటర్నెట్‌కి, మిగతావన్నీ లైనుకి. 108, 112 కూడా లైన్లోనే పోవాలి, ఇందులో రాజీ వద్దు. కరెంటు పోతే ఫోన్‌ని నేరుగా లైనుకి కలిపే రిలే ఉన్న మోడలే తీసుకోండి.

పిల్లలు వీడియోలు చూస్తుంటే మాట తెగేది. మాటని డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. ఒక్కో కాల్‌కి జీ.711 కోడెక్ సెకనుకి దాదాపు 87 కిలోబిట్లు తీసుకుంటుంది, జీ.729 అయితే 31 చాలు. కోడెక్ మార్చి, రౌటర్‌లో ఏటీఏకి మొదటి ప్రాధాన్యం ఇచ్చాక ఆ టెన్షన్ పోయింది.

రేటు చూసేటప్పుడు పల్స్ కూడా, అంటే ఎన్ని సెకన్లకోసారి లెక్కగడతారో కూడా చూడండి. నిమిషానికి లెక్కగట్టే ప్లాన్‌లో 61 సెకన్లు మాట్లాడినా రెండు నిమిషాల బిల్లు పడుతుంది. బ్రిటన్ లాంటి చోట్లకి చేస్తే ల్యాండ్‌లైన్‌కో రేటు, మొబైల్‌కో రేటు.