ఉప్పునీటి పెద్ద ట్యాంకు, 5వ పాఠం: ఫిల్టర్‌ని లీటర్లతో కాదు, మేతతో కొలవండి

ఈ పాఠం స్కిమ్మర్‌తో, అంటే నీళ్లలోని మురికిని నురగగా తీసేసే పరికరంతో, మొదలవ్వాలి. కానీ పోయిన పాఠం చూసి సంప్ (పెద్ద ట్యాంకు కింద ఫిల్టర్లు పెట్టుకునే రెండో ట్యాంకు) కట్టించుకున్నవాళ్లలో ముగ్గురి ఇళ్లలో కరెంటు పోగానే హాల్లో నీళ్లు పారాయి. ఒకరింట్లో అర్ధరాత్రి, అదీ సంప్ పక్కనే నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండగా. వాళ్లు రాసింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. సంప్ ఎంత పెద్దది కావాలో చెప్పాను గానీ, అందులో ఎంత ఖాళీ వదలాలో చెప్పకుండా ముగించేశాను. ఆ తప్పు నాది. ముందు అది సరిచేద్దాం. అన్నట్టు బోర్డు గోడకి, సంప్ అంచు కన్నా ఎత్తులో ఉండాలి. ఇవాళే మార్చండి, మిగతా పాఠం తర్వాత చదవచ్చు.

మన లెక్కల ట్యాంకు అదే: ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. కింద సంప్ నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పై ట్యాంకులో నీటి ఉపరితలం 12 చదరపు అడుగులు కాబట్టి, ఒక్క అంగుళం దిగితే ఒక ఘనపుటడుగు నీళ్లు, అంటే 28 లీటర్ల పైచిలుకు. సంప్ ఉపరితలం 6 చదరపు అడుగులే. పైన అంగుళం దిగితే కింద రెండంగుళాలు లేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

మోటారు ఆగగానే నీళ్లు రెండు దారుల్లో కిందికి వస్తాయి. ఓవర్‌ఫ్లో, అంటే పైనీళ్లు సంప్‌లోకి దిగే చోట ఉండే దువ్వెన లాంటి పళ్ల మీదుగా వచ్చేది కొంచెమే, పళ్ల అడుగు దాకా దిగి ఆగిపోతుంది. అసలు గొడవ రెండో దారిది. పైకి నీళ్లు పంపే రిటర్న్ పైపే, మోటారు ఆగాక, నీళ్లను వెనక్కి లాగుతుంది. డ్రమ్ములోంచి గొట్టంతో నీళ్లు లాగుతామే, అలాగే. పైపు మూతి నీళ్లలో ఎంత లోతున ఉందో అంత లోతు దిగి, మూతి బయటపడి గాలి పీల్చుకున్నాకే ఆగుతుంది.

గుంటూరు నుంచి రాసినాయన పైపు మూతి కనిపిస్తే అందం పోతుందని మూడంగుళాల లోపలికి పెట్టారు. మూడంగుళాలంటే 85 లీటర్లు, సంప్‌లో ఆరంగుళాలు. ఆయన సంప్‌లో మామూలుగానే 14 అంగుళాల నీళ్లున్నాయి, సంప్ ఎత్తు 18. మిగతా రెండంగుళాలూ, అంటే 28 లీటర్లు, నేల మీదే కదా! కరెంటు వచ్చాక సంప్‌లో నీళ్లు తగ్గాయని ఆటో టాపప్ మంచినీళ్లు పోసింది. లీటరుకి 35 గ్రాముల చొప్పున దాదాపు కేజీ ఉప్పు హాల్లోనే పోయింది, ట్యాంకులో ఉప్పు ఆ మేరకు పల్చబడింది. ఆయనకి ఈ సంగతి మూడు రోజుల తర్వాత ఉప్పు కొలిచే హైడ్రోమీటర్ చూస్తేగానీ తెలియలేదు.

ఇక చేయాల్సింది. రిటర్న్ మూతిని నీటిమట్టానికి అరంగుళం లోపలే పెట్టండి. ఆ పైపుకే, నీటిమట్టం కింద ఆనుకుని, మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. నీళ్లు అక్కడిదాకా దిగగానే గాలి లోపలికి దూరి లాగడం ఆగిపోతుంది. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటుంది కాబట్టి నెలకోసారి పుల్లతో పొడవాలి. ఇది మానకండి.

చెక్ వాల్వ్ (నీళ్లని ఒకవైపే వెళ్లనిచ్చే వాల్వ్) వేస్తే సరిపోదా అని ఇద్దరు అడిగారు. సరిపోదు. ఉప్పునీళ్లలో దాని రెక్క మీద సున్నపు పొర కడుతుంది, చిన్న నత్త ఒకటి దూరి కూర్చుంటే చాలు, రెక్క మూసుకోదు. వేసుకుంటే వేసుకోండి, కానీ దాన్ని నమ్మి మూతి లోతుగా పెట్టకండి.

సంప్‌లో మామూలు నీటిమట్టం 9 లేదా 10 అంగుళాలు దాటకూడదు. దీనికి ఇంకో కారణం స్కిమ్మర్. అది ఎంత లోతు నీళ్లలో నిలబడాలో తయారుచేసినవాళ్లు పెట్టె మీద రాస్తారు, చాలావాటికి ఏడు నుంచి తొమ్మిది అంగుళాలు. నీళ్లు పెరిగి ఉండగా కరెంటు వస్తే స్కిమ్మర్ కప్పు పొంగి, వారం రోజులు పట్టిన మురికంతా తిరిగి సంప్‌లోనే పడుతుంది. అందుకే దాన్ని అడ్డుగాజు ఉన్న గదిలో, మట్టం మారనిచోట పెట్టాలి. రిటర్న్ మోటారు నడిచిన ఐదు నిమిషాల తర్వాత స్కిమ్మర్ మొదలయ్యేలా టైమర్ పెట్టుకుంటే ఇంకా నయం.

ఇప్పుడు ఫిల్టర్. ఉప్పు కలపడం, ఆర్వో నీళ్లు, మొదటి ఆరు వారాల సైకిల్ (బ్యాక్టీరియా కుదురుకునే కాలం), ఇవన్నీ మళ్లీ చెప్పను.

చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న, "680 లీటర్ల ట్యాంకండీ, వెయ్యి లీటర్లకని రాసున్న స్కిమ్మర్ తీసుకున్నాను, సరిపోతుంది కదా?" ఈ ప్రశ్న వినీ వినీ విసిగిపోయాను. అడిగినవాళ్ల మీద కాదు, ఆ పెట్టె మీది అంకె మీద. దాని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

భీమవరం వైపు రొయ్యల చెరువు రైతుని అడగండి. చెరువు ఎన్ని ఎకరాలన్నది ఒక్కటే చూసి ఆయన నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పెట్టడు. రొయ్య ఎంత పెరిగింది, రోజుకి ఎంత మేత పడుతోంది, ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఇవన్నీ చూసుకుని పెంచుతాడు. అమ్మోనియా నీళ్లలోంచి పుట్టదు, మేతలోంచి పుడుతుందని ఆయనకి తెలుసు. మన ట్యాంకుకీ అదే సూత్రం.

లెక్క చూడండి. మేతలో ఉన్న ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని. 45 శాతం ప్రొటీన్ ఉన్న ఎండుమేత రోజుకి 10 గ్రాములు వేశారనుకుందాం. అందులో ప్రొటీన్ నాలుగున్నర గ్రాములు, నత్రజని 0.72 గ్రాములు. అదంతా ముందు అమ్మోనియాగా, తర్వాత బ్యాక్టీరియా వల్ల చివరికి నైట్రేట్‌గా మారితే దాదాపు 3.2 గ్రాములు. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేసి, సంప్ కలుపుకుంటే మన ట్యాంకులో అసలు నీళ్లు, లెక్క సులువుకి, 800 లీటర్లనుకుందాం. అంటే రోజుకి 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాముల) నైట్రేట్. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ లాగేస్తుంది కాబట్టి నిజంగా ఇంత రాదు. కానీ పైహద్దు ఇది.

అదే 800 లీటర్లు, వేరే ఇల్లు. ఒక లయన్‌ఫిష్, రెండు ట్రిగ్గర్లు, ఒక మోరే ఈల్, అన్నీ మాంసం తినే చేపలే. రోజుకి 50 గ్రాముల పచ్చి రొయ్యల ముక్కలు. రొయ్యలో ప్రొటీన్ సుమారు 20 శాతం, అంటే 10 గ్రాములు, నత్రజని 1.6, నైట్రేట్ 7 గ్రాములు. రోజుకి దాదాపు 9 పీపీఎం. ఇక మూడో ఇల్లు, ఒక జత క్లౌన్‌లు, నాలుగు క్రోమిస్‌లు, అన్నీ చిన్న చేపలే, రోజుకి చిటికెడు మేత, మహా అయితే రెండు గ్రాములు. అక్కడ రోజుకి ఒక పీపీఎం కూడా రాదు. మూడిళ్లలోనూ నీళ్లు 800 లీటర్లే, మురికి మాత్రం పది రెట్లకు పైగా తేడా. పెట్టె మీది "వెయ్యి లీటర్లు" ఇందులో ఏ ఇంటికి?

కొన్ని పెట్టెల మీద తక్కువ చేపలకి ఒకటి, ఎక్కువ చేపలకి ఒకటి అని రెండు మూడు అంకెలు వేస్తారు. ఎప్పుడూ ఎక్కువ చేపల అంకే చూడండి. ఒకే అంకె ఉంటే అది తక్కువ చేపలకని అనుకుని, సగం చేసుకోండి. అలాగని మూడో ఇంట్లో మరీ పెద్ద స్కిమ్మర్ పెట్టినా లాభం లేదు. మురికి చాలక నురగ మెడదాకా ఎక్కదు, కప్పు ఖాళీగానే ఉంటుంది. మొదటి ఇంటికి వెయ్యి సరిపోదు, పదిహేను వందలది తీసుకుంటాను. రెండో ఇంటికి రెండు వేలది. మూడో ఇంటికి ఆ వెయ్యిదే చాలు.

నీళ్లు మారిస్తే పోదా అంటారా? వారానికి పది శాతం, అంటే 80 లీటర్లు, సుమారు మూడు కేజీల ఉప్పు. కానీ పది శాతం నీళ్లు తీస్తే పది శాతం నైట్రేటే పోతుంది. రోజుకి 4 చొప్పున వారానికి 28 పెరిగే ట్యాంకులో, నీళ్లు మార్చడం ఒక్కటే మార్గమైతే, నైట్రేట్ 280 దగ్గరికి చేరాక గానీ నిలకడకు రాదు. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో నేను 30 దాకా కంగారుపడను. పగడాలుంటే 10 దాటనివ్వను.

అందుకే ఎంపికంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, మురికిని కుళ్లకముందు ఎంత పట్టుకోగలం? పప్పు ఉడికేటప్పుడు పైకొచ్చే నురగని గరిటెతో తీసేస్తాం. స్కిమ్మర్ చేసేది అలాంటిదే. సన్నటి గాలిబుడగలకి ప్రొటీన్లు, జిడ్డు అంటుకుని పైకెక్కి కప్పులో పడతాయి. బ్యాక్టీరియా చేతికి చిక్కకముందే బయటికి పోతాయి. ఉప్పునీళ్లలో బుడగలు సన్నగా నిలుస్తాయి కాబట్టే ఇది కుదురుతుంది, మంచినీళ్ల ట్యాంకులో కుదరదు. కొత్త స్కిమ్మర్ మొదటి వారం సరిగా పనిచేయకపోవచ్చు, రోజూ తిప్పి తిప్పి సెట్ చేయకుండా వదిలేయండి.

కంటికి కనిపించే మురికి కోసం 200 మైక్రాన్ సాక్ (మేజోడు లాంటి వడపోత సంచి) అయినా సరే, ఫిల్టర్ ఊల్ (దూది లాంటి వడపోత పొర) అయినా సరే. నాకు ఊల్ ఇష్టం, మూడో రోజు తీసి పారేస్తాను, ఉతికే పని ఉండదు. సాక్ పెట్టి రెండు వారాలు మర్చిపోయేవాళ్లు అసలు పెట్టకపోవడమే మంచిది. పట్టిన మురికి అందులోనే కుళ్లి నైట్రేట్‌గా నీళ్లలోకి దిగుతుంది.

బ్యాక్టీరియాకి ఇల్లు రాళ్లే. సముద్రపు పగడపు రాయి తెచ్చిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, తీయడం, అమ్మడం నేరం. చట్టం లేకపోయినా నేను కొనను, ఆ రాయి అక్కడ ఉండాల్సింది. కృత్రిమంగా చేసిన పొడిరాయి, సంప్‌లో కొంత సిరామిక్ మీడియా చాలు.

క్యానిస్టర్ ఫిల్టర్ (మూతబిగించిన డబ్బా ఫిల్టర్) గురించి అడగకండి అని పోయినసారి విసురుగా రాశాను, కారణం చెప్పలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మా వీధికి ఐదు రోజులు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు పెట్టి, మంచినీళ్ల సీసాలతో పాటు బ్యాటరీల కోసం కూడా తిరిగి, చేపల్ని నాలుగు రోజులు కాపాడుకున్నాను. ఐదో రోజు కరెంటు రాగానే ఆనందంలో అన్ని స్విచ్‌లూ వేశాను. మూతబిగించిన క్యానిస్టర్‌లో ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చి, లోపలి నీళ్లు కుళ్లి ఉన్నాయి. ఆ నీళ్లన్నీ ట్యాంకులోకి వచ్చాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గంటలో ఏడు చేపలు పోయాయి, అందులో ఒక క్లౌన్ జత నా దగ్గర ఆరేళ్లుగా ఉంది. ట్యాంకులో ఎయిర్ పంపు పక్కనున్న రాళ్లకి ఏమీ కాలేదు. అప్పటినుంచి నా పెద్ద ట్యాంకుల్లో మూతబిగించిన ఫిల్టర్ లేదు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే, కరెంటు పోయి రెండు మూడు గంటలైతే దాని గొట్టాలు విడదీసి, లోపలి నీళ్లు పారబోసి, ఉప్పునీళ్లతో కడిగాకే మళ్లీ నడపండి.

కుళ్లాక మిగిలిన నైట్రేట్‌కి సంప్‌లో ఒక గదిలో కీటోమార్ఫా నాచు పెంచుకోవచ్చు. లైటు రాత్రిపూట వెలిగించండి, పైన లైట్లు ఆరిన వేళ పీహెచ్ పడిపోకుండా కూడా అదే చూసుకుంటుంది. గుప్పెడు పెరిగితే గుప్పెడు తీసి పారేయాలి. తీయకపోతే అది లాగిన నైట్రేట్ ట్యాంకు దాటి బయటికి పోదు. కార్బన్, యూవీ ఈసారికి వద్దు.

అభ్యాసం. స్కిమ్మర్ ఇంకా కొనకండి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి తెచ్చుకుని, 14 రోజులు వేసిన ప్రతి మేతనూ తూచి రాయండి, ఎండుమేత వేరు, పచ్చిమేత వేరు. మూడు రోజులకోసారి నైట్రేట్ టెస్ట్, అదే వేళకి. ఈ 14 రోజుల్లో నీళ్లు మార్చకండి, నైట్రేట్ 40 దాటితే మాత్రం మార్చి, ఎన్ని లీటర్లు మార్చారో రాయండి. పైన చేసిన లెక్క ప్రకారం ఎంత పెరగాలి, నిజంగా ఎంత పెరిగింది, రెండూ పక్కపక్కన రాయండి.

ఇంకొకటి. ఈ రెండు వారాల్లో ఐదుసార్లు, మీరు పక్కనే ఉండగా, రిటర్న్ మోటారు స్విచ్ ఆపండి. సంప్ గాజు మీద మార్కర్‌తో ఆపకముందు మట్టం, నీళ్లు దిగడం పూర్తిగా ఆగాక మట్టం గీయండి. ఐదింటిలో ఒకసారి రిటర్న్ పైపుకి వేసిన రంధ్రాన్ని వేలితో మూసి చూడండి, నాచు పట్టినప్పుడు జరిగేది అదే. అప్పుడు కూడా సంప్ అంచుకి రెండంగుళాల ఖాళీ మిగలాలి. మిగలకపోతే సంప్‌లోంచి నీళ్లు తీయండి, మూతి పైకి జరపండి, మళ్లీ ఐదుసార్లు చేయండి.