కోల్డ్ ఈమెయిల్‌లో మొదటి వాక్యం

ముక్కూమొహం తెలియని వాళ్లకు సేల్స్ ఈమెయిల్ రాసేటప్పుడు "మీరు క్షేమమని తలుస్తాను, మేము ఫలానా కంపెనీ నుంచి..." అని మొదలుపెట్టకండి. జీమెయిల్ ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కనే, ఫోన్‌లో అయితే దాని కింద, మెయిల్‌లోని మొదటి మాటలు కనబడతాయి. తెరవాలా వద్దా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. ఉన్న ఆ కాస్త చోటూ కుశల ప్రశ్నలకే పోతే ఇంకేముంది!

అవతలివాళ్ల పనితో మొదలుపెట్టండి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ యజమానికి టెంపరేచర్ సెన్సర్లు అమ్మాలనుకోండి. ఇలా రాయొచ్చు: "మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక కూడా మీ గదుల్లో రైతుల టిక్కీలు ఉంటాయి కదా, అర్ధరాత్రి కూలింగ్ ఆగితే మీకు ఎవరు చెప్తారు?" (టిక్కీలంటే మిర్చి బస్తాలు.) ఇందులో మన కంపెనీ పేరు లేదు, సెన్సర్ ఊసూ లేదు. అవి రెండో వాక్యంలో వస్తే చాలు.

"మీ వెబ్‌సైట్ అద్భుతం" లాంటి పొగడ్తలు మాత్రం వద్దు, చదవకుండానే రాశారని ఇట్టే తెలిసిపోతుంది. పంపేముందు ఆ వాక్యం ఇంకో వ్యాపారికి కూడా అతుకుతుందేమో చూడండి. అతికితే మార్చి రాయండి. సబ్జెక్ట్‌లో పాత మెయిల్‌కి జవాబులా "రీ:" తగిలించే తెలివితేటలు అసలే వద్దు.