ఇంటి షెడ్డులో బుల్లి ఆవిరి ఇంజన్ తయారు చేయడం ఎలా?

మనిషిని లాగే రైలింజన్‌ను ఇంటి వెనక షెడ్డులో చేసుకోవచ్చు. షోకేసులో పెట్టే బొమ్మ గురించి కాదు నేను చెప్పేది. బొగ్గు వేస్తే మండాలి, ఆవిరి పుట్టాలి, వెనక ట్రాలీ మీద కూర్చున్న మనిషితో సహా కదలాలి. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండ్లు 1995 డిసెంబరులో ఆగిపోయాయి. ఆ చప్పుడు మన పిల్లలకు డాబా మీదే వినిపించవచ్చు. ఆదివారాలు మాత్రమే దొరికే మనిషికి రెండు మూడేళ్లు పడుతుంది.

నాకు ఈ పని అర్థమైంది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక పెద్ద మేస్త్రి మాటతో. ఫ్రేమ్ ప్లేట్లు రెండూ విడివిడిగా గీసి తీసుకెళ్తే ఆయన చూసి, "విడివిడిగా ఎందుకు బాబూ? రెండూ అంటించి ఒక్కసారే డ్రిల్ కొట్టు. తప్పు పోతే రెండిట్లోనూ ఒకేలా పోద్ది, బండి మాత్రం సాఫీగా నడుస్తది" అన్నారు. ఇంట్లో చేసే పనిలో కొలత కంటే జత ముఖ్యం. బాయిలర్ ఒక్కటే దీనికి మినహాయింపు.

ముందు గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, తేల్చుకోండి. మొదటి ఇంజన్‌కు 89 మిల్లీమీటర్ల గేజ్ (మూడున్నర అంగుళాలు) సరైనదని నా అభిప్రాయం. ఒక్కడే ఎత్తగలిగే బరువులో ఉంటుంది, ఒకరిద్దరిని లాగుతుంది. ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. ఈ గేజ్‌కు దొరికే డ్రాయింగులు ఎక్కువగా ఇంగ్లండువి. అక్కడి పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. కాబట్టి అవి పదహారో వంతు లెక్కలో ఉంటాయి. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. ఒకప్పుడు మన ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ రూపం కావాలంటే దాదాపు పందొమ్మిదో వంతు పడుతుంది. మొదటిసారి ఆ జోలికి పోవద్దు. నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజన్ డ్రాయింగు, ఇంతకుముందు చాలామంది చేసి నడిపినది తీసుకోండి. బాయిలర్ డిజైన్ మాత్రం సొంతంగా అస్సలు చేయకండి.

పనిముట్లలో చిన్న లేత్ మిషన్, పిల్లర్ డ్రిల్, బెంచి వైస్, మంచి ఆకురాళ్లు, వెర్నియర్, ట్యాపులు, డైలు ఉంటే మొదలుపెట్టవచ్చు. మిల్లింగ్ పని బయట చేయించుకోవచ్చు. చక్రాలకు, సిలిండర్లకు పోత ముక్కలు తెప్పించుకుంటే సులువు. లేకపోతే చక్రాలను పోత ఇనుప కడ్డీ నుంచి, సిలిండర్లను గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) దిమ్మ నుంచి తీయవచ్చు.

మొదటి అడుగు, ఫ్రేమ్. 3 మి.మీ. ఇనుప ప్లేట్లు రెండూ కలిపి రివెట్ కొట్టి, ఒకే ముక్కలా కోసి, ఆకురాయి పట్టి, రంధ్రాలన్నీ వేశాకే విడదీయండి. విడదీసే ముందు ఏది ఎడమో ఏది కుడో పంచ్ గుర్తు పెట్టండి. ఇరుసు పెట్టెలు కూర్చునే గాడులు కూడా జతగానే తీయాలి.

రెండోది, చక్రాలు. నా మొదటి ఇంజన్‌కు చక్రాలు రెండు విడతలుగా తీయించాను. ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు పావు మిల్లీమీటరు తేడా వచ్చింది. ముందు వెనక చక్రాలను కలిపే రాడ్లు బిగించాక ఇంజన్ గుంజుకుంటూ, చక్రాలు జారుతూ నడిచింది. అంతా విప్పి నాలుగు చక్రాలనూ ఒకే టూల్ సెట్టింగ్‌లో మళ్లీ తీశాక దారికొచ్చింది. వ్యాసం డ్రాయింగు కంటే కాస్త తగ్గినా పరవాలేదు, నాలుగూ ఒకటే ఉండాలి.

చక్రాలను ఇరుసుకు ఎక్కించేటప్పుడు ఒక వైపు క్రాంకు (రాడ్డు తగిలే పిన్ను ఉన్న చోటు) రెండో వైపు క్రాంకుకు 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఒక సిలిండర్ పిస్టన్ చివర్లో ఆగిపోయినప్పుడు రెండోది తోస్తుంది, అందుకే బండి ఎక్కడ ఆగినా మళ్లీ కదులుతుంది. ఈ కోణం 90కి బదులు 89 అయినా ఇంజన్ నడుస్తుంది. కానీ రెండు ఇరుసులకూ అదే 89 రావాలి. దీనికి చిన్న జిగ్ (కోణం కదలకుండా పట్టి ఉంచే చట్రం) ఒకటి చేసుకుని, రెండు ఇరుసులనూ అందులోనే లాక్‌టైట్ అనే లోహపు జిగురు పెట్టి బిగించండి. కలిపే రాడ్ల రంధ్రాలు కూడా రెండు రాడ్లూ కలిపి, ఇరుసుల మధ్య దూరాన్ని బండి మీదే కొలిచాక వేయండి.

మూడోది సిలిండర్లు. బోరు, అంటే లోపలి రంధ్రం, ఒకే కోతలో నున్నగా రావాలి. పిస్టన్ లోపల గీరుకోకుండా జారాలి. ఆవిరిని అటూ ఇటూ పంపే స్లైడ్ వాల్వ్ సరిచేయడానికి పై మూత తీసేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూడండి. ముందు పోర్టు (ఆవిరి వెళ్లే దారి) ఎంత తెరుచుకుంటే వెనక పోర్టూ అంతే తెరుచుకోవాలి. తేడా ఉంటే వాల్వ్ రాడ్డు నట్టు తిప్పి సగం సగం పంచండి.

ఇప్పుడు బాయిలర్ లేకుండానే ఇంజన్‌ను నడపండి. బండిని చెక్క దిమ్మల మీద ఎత్తి పెట్టి, పెయింటు కొట్టే చిన్న కంప్రెసర్ నుంచి 20 నుంచి 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే లెక్క) గాలి ఇవ్వండి. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు వచ్చే నాలుగు చప్పుళ్లూ ఒకే ఎడంలో వినిపిస్తే వాల్వులు కుదిరినట్టు. కుంటుతున్నట్టు వినిపిస్తే మళ్లీ మూత విప్పాల్సిందే. గంటసేపు నూనె వేస్తూ తిప్పితే బిగువులన్నీ సర్దుకుంటాయి.

ఇక బాయిలర్. ఇక్కడ తొందర వద్దు.

25 లీటర్ల లోపు బాయిలర్లకు మన బాయిలర్ చట్టం వర్తించదు. మన దాంట్లో పట్టేది ఒకటి రెండు లీటర్లే. అంటే తనిఖీ చేయడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు, పక్కన నిలబడేది మన పిల్లలు. 80 పీఎస్ఐ దగ్గర లోపలి నీళ్లు 160 డిగ్రీలు దాటి ఉంటాయి. అతుకు విడిపోతే ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది.

బాయిలర్‌ను రాగితోనే చేయాలి. రాగి రేకును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ఇనుప అచ్చు మీద వేసి సుత్తితో అంచులు మడవాలి. కొట్టేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. ఒక్కో ప్లేటుకు నాలుగైదు సార్లు కాల్చాల్సి రావచ్చు. గట్టిపడ్డాక కూడా కొడితే అంచు చిట్లుతుంది. చదునుగా ఉండే నిప్పుపెట్టె గోడలు ఒత్తిడికి ఉబ్బుతాయి కాబట్టి, డ్రాయింగులో ఎన్ని స్టేలు (గోడలను పట్టి ఉంచే కడ్డీలు) చూపిస్తే అన్నీ పెట్టండి. ఫిట్టింగులు బిగించే బుష్‌లు గన్‌మెటల్‌వే ఉండాలి. ఇత్తడిలోని జింకును వేడినీళ్లు మెల్లగా తినేస్తాయి.

అతుకులన్నీ సిల్వర్ బ్రేజింగే, అంటే వెండి కలిసిన కడ్డీ కరిగించి అతకడమే. మామూలు టంకం పనికిరాదు, అది 190 డిగ్రీలకే కరిగిపోతుంది. వెండి కడ్డీ కరగడానికి 600 పైన కావాలి. ఫ్రిజ్ మెకానిక్కులు వాడే ఫాస్ఫరస్ రాగి కడ్డీ చవకే, కానీ బొగ్గు పొగలోని గంధకం ఆ అతుకును తినేస్తుంది. కడ్డీ కొనేటప్పుడు క్యాడ్మియం లేనిది అడగండి. కేడీఎం నగల పేరు వచ్చింది ఈ క్యాడ్మియం నుంచే, దాని పొగ కంసాలుల ఊపిరితిత్తులను పాడుచేసింది. అతుకు శుభ్రంగా ఉంచడానికి కంసాలుల వెలిగారం లాంటిదే, వెండి కడ్డీకి తగ్గ ఫ్లక్సు అమ్ముతారు.

రాగి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి మంట పెద్దదిగా కావాలి. ఇంటి స్టవ్వు రెగ్యులేటర్‌తో పని జరగదు, పెద్ద బర్నర్‌కు హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టాలి. చుట్టూ ఫైర్ బ్రిక్స్ పేర్చితే సగం గ్యాసు మిగులుతుంది. మంటతో కడ్డీని కాదు, రాగిని కాల్చండి. రాగి వేడెక్కాక కడ్డీ తాకించగానే నీళ్లలా పారి అతుకు చుట్టూ మెరుపు గీత కనబడాలి. బెజవాడ మే ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. ధనుర్మాసం ఉదయాలు బాగుంటాయి. తలుపులు తెరిచి ఉంచండి, కానీ గాలి నేరుగా మంట మీదకు రాకూడదు. చల్లారాక వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ముంచితే నలుపంతా పోయి, ఎక్కడ అతుకు పారలేదో తేటగా తెలుస్తుంది.

తర్వాత నీళ్ల పరీక్ష. గాలితో ఎప్పుడూ పరీక్షించకండి. గాలి నొక్కుకుని బలం దాచుకుంటుంది, పగిలితే ముక్కలు ఎగురుతాయి. నీళ్లు నొక్కుకోవు, అతుకు తప్పితే చుక్క కారి ఊరుకుంటుంది. బాయిలర్‌ను అంచు దాకా నింపి, లోపల గాలి బుడగ మిగలకుండా చూసి, ప్లంబర్లు పైపులైన్ చెక్ చేసే చేతి పంపు తగిలించండి. 80 పీఎస్ఐకి నడపాలనుకుంటే 160 దాకా మెల్లగా ఎక్కించి అరగంట నిలపండి. ఒత్తిడి మీటరు ముల్లు దిగినా, గోడ ఉబ్బినా, అతుకు చెమ్మగిల్లినా మళ్లీ బ్రేజింగ్. ఎంత కష్టమనిపించినా మరో దారి లేదు.

బిగించే వాటిలో రెండింటి మీద పట్టుదలగా ఉండండి. నీటి మట్టం చూపే గాజు గొట్టం, సేఫ్టీ వాల్వ్. నిప్పు నిండుగా మండుతూ, ఆవిరి వాడకం లేకుండా ఉన్నా ఒత్తిడి 88 దాటకుండా ఆ వాల్వ్ ఊదేయాలి. నీళ్లు ఎక్కించడానికి కూడా రెండు దారులు ఉండాలి. ఇరుసుతో నడిచే పంపు, దానికి తోడు చేతి పంపు.

మొదటిసారి నిప్పు పెట్టే రోజు ముందు నీళ్లు పోయండి, గాజులో మూడొంతులు కనబడాలి. ట్యాపు నీళ్లలోని ఉప్పు పేరుకుంటుంది, పట్టి ఉంచిన వాన నీళ్లు మేలు. కిరసనాయిలులో నానబెట్టిన కట్టెబొగ్గు ముక్కలు వెలిగించి, పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెట్టి గాలి లాగించండి. 20 పీఎస్ఐ వచ్చాక ఇంజన్ సొంత బ్లోయరే (పొగగొట్టంలోకి ఆవిరి ఊదే గొట్టం) ఆ పని చేస్తుంది. అప్పుడు గోలీకాయంత రాతిబొగ్గు ముక్కలు కొద్దికొద్దిగా వేయండి. పట్టాలకు ఇనుప ఫ్లాట్లను నిలబెట్టి చెక్క స్లీపర్లకు బిగిస్తే డాబా మీద చాలు. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ మెల్లగా తెరవండి. ముందు సిలిండర్లలోని నీళ్లు చిమ్ముతాయి, పిల్లల్ని ముందు వైపు నిలబడనీయకండి.

నడుపుతున్నంతసేపూ కన్ను గాజు గొట్టం మీదే ఉండాలి. నీళ్లు కనబడకపోతే, నీళ్లు ఎక్కించే ప్రయత్నం కూడా చేయకుండా, ముందు నిప్పు కిందికి దింపేయండి. పని అయిపోయాక ఒత్తిడి పూర్తిగా దిగి, బాయిలర్ గోరువెచ్చగా అయ్యాక నీళ్లు తీసేసి, ప్లగ్ తెరిచే ఉంచండి. పొగపెట్టెలోని బూడిద అదే సాయంత్రం ఊడ్చి, రాడ్లకు నూనె రాసి గుడ్డ కప్పండి.