కొర్రమీనుకి చెక్క పాపర్: ఇంట్లోనే చెక్కి రంగు వేసుకోవడం

ఐదు వందలు పెట్టి కొన్న పాపర్ రెండో విసురుకే తుమ్మకొమ్మకి తగులుకుంది, లైను తెగింది, ఎర మాత్రం కళ్ల ముందే వేలాడుతూ ఉండిపోయింది. ఆ సాయంత్రమే కూరగాయల కత్తి తీసుకుని చెక్క ముక్క చెక్కడం మొదలుపెట్టాను. ఇప్పటికి ముప్ఫైకి పైనే చేశాను, వాటిలో చేప పట్టినవి తొమ్మిది. మిగతావి చూడ్డానికి బాగుంటాయి, అంతే. మొదట్లో రంగుల మీద పెట్టిన శ్రద్ధ బరువు మీద పెట్టకపోవడమే కారణం, కాబట్టి ఇందులో ఎరని బకెట్ నీళ్లలో వదిలి బరువు చూసుకోవడం గురించి ఎక్కువ చెప్తాను, విసుక్కోకండి.

పాపర్ అంటే నీటి మీద తేలే ఎర. ముందు వైపు చిన్న గిన్నెలా గుంట ఉంటుంది, రాడ్డుని కాస్త తడితే ఆ గుంట నీళ్లని ‘టప్’మని కొడుతుంది. కొర్రమీను గాలి పీల్చుకోడానికి ఎలాగూ పైకి రావాల్సిన చేప, పైన కప్పో చిన్న చేపో కదిలితే ఊరుకోదు. అందుకే కొత్తవాళ్లకి ఇదే మేలు. లోతుకి దిగి ఈదే రకాల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

చెక్క తేలిగ్గా ఉండాలి. బయటి దేశాల్లో బాల్సా వాడతారు, మనకి కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఉంది. బొమ్మలు చేసేవాళ్లని అడిగితే నాకు చేతినిండా తుంటలు ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర ఇంకాస్త గట్టిది, అదీ పనికొస్తుంది. మునగ కొమ్మతో చేసి చూశాను, పీచు లేచి చిరాకు పుట్టించింది. పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో తన మొదటి ఎరని చెప్పులు కుట్టే కత్తితో కార్క్ నుంచి చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, పైన ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూశాడు. ఇవాళ మనం కొనే రాపాలా ఎరలకి మొదలు అదే.

7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క తీసుకోండి. గుండ్రంగా చెక్కకముందే, నాలుగు పలకలుగా ఉన్నప్పుడే, కడుపు వైపు మధ్య గీత మీద హాక్సా బ్లేడుతో సగం మందం దాకా ఈ చివర నుంచి ఆ చివరకి గాడి కోయండి. గుండ్రంగా అయ్యాక కోయబోతే బ్లేడు జారి గాడి వంకరపోతుంది, నా మొదటి నాలుగూ అలా పాడైనవే. తర్వాత నాలుగు అంచులూ చెక్కి ఎనిమిది చేయండి, ఆ ఎనిమిదినీ మళ్లీ చెక్కండి, అప్పుడు గరుకు కాగితం పట్టండి: ముందు 80 నంబరుది, తర్వాత 150, చివర 320. నోటి గుంట కోసం మార్కర్ పెన్నుకి గరుకు కాగితం చుట్టి గీకితే చాలు.

1 మిల్లీమీటరు స్టీలు తీగని ముక్కు దగ్గర ఒక చుట్ట, తోక దగ్గర ఒక చుట్ట వచ్చేలా వంచి గాడిలో పెట్టాలి. తీగ మధ్యలో తెగకుండా ఒకటే ఉండాలి. అప్పుడు చేప ఎంత గుంజినా బరువంతా తీగ మీదే పడుతుంది, చెక్క పగిలినా చేప పోదు. కడుపు కింద ఇంకో గాలం చాలామంది పెడతారు, నేను పెట్టను, మన చెరువుల్లో గుర్రపుడెక్కని పట్టుకోవడం తప్ప అది చేసేదేం లేదు.

ఇక బరువు. విసురువలకి కట్టే సీసం గుండు ఒకటి, రెండు మూడు గ్రాములది, సుత్తితో గాడిలో పట్టేలా చదును చేయండి (సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఇంట్లో కరిగించే ఆలోచన మాత్రం వద్దు). చెక్కకి నీళ్లు ఇంకకుండా ఒక చేయి సీలర్ పూసి ఆరనిచ్చి, తీగ, గాలం, సీసం అన్నీ పెట్టి రబ్బరు బ్యాండు చుట్టి బకెట్‌లో వదలండి. ఇంకా ఏదీ అంటించొద్దు. తోక కిందికి దిగి, ముక్కు నీటి మీదికి లేచి, నోరు సగం మునిగీ మునగనట్టు ఉంటే సరిపోయినట్టే. బల్లలా అడ్డంగా పడుకుంటే సీసాన్ని అర సెంటీమీటరు తోక వైపు జరపండి. పక్కకి ఒరిగితే సీసం గాడిలో ఒక పక్కకి ఉందన్నమాట. ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తే బరువు ఎక్కువైంది, కొంచెం కత్తిరించండి. వేలితో ఒకసారి ముంచి వదలండి, గుటుక్కున పైకి రావాలి. ఒక్కో ఎరకి నాకు అరగంట ఇక్కడే పోతుంది, పోనివ్వండి.

కుదిరాక గాడిని ఎపాక్సీలో (రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి జిగురు) రంపపు పొట్టు కలిపి పూడ్చండి. కొండపల్లివాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, బొమ్మకి అది బ్రహ్మాండం, మన ఎర రోజంతా నీళ్లలో ఉంటుంది కాబట్టి మనకి ఎపాక్సీయే.

రంగు దగ్గర ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: చేప కింద నుంచి చూస్తుంది. వీపు మీద మీరు గంటలు గంటలు వేసే చారలు మన ముచ్చట కోసమే, చేపకి కనిపించేది కడుపు. కడుపుకి తెలుపో లేత పసుపో వేసి వదిలేయండి. ముందు మొత్తం తెల్ల ప్రైమరు, అది బాగా ఆరాక వీపుకి ఆకుపచ్చ యాక్రిలిక్‌ని స్పాంజి ముక్కతో అద్దండి, బ్రష్ చారలు పడవు. పొలుసులు కావాలంటే వెల్లుల్లి వచ్చే వల సంచిని బిగుతుగా చుట్టి, పైన ముదురు రంగు పలచగా అద్ది, రెండు నిమిషాలాగి సంచి తీసేయండి. మొదటిసారి అది చూసి మా ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. కళ్లకి బొట్టు బిళ్లలు: పెద్ద పసుపుది, దాని మీద చిన్న నల్లది. దీనికోసం మా ఆవిడ డబ్బా ఖాళీ చేసి తిట్లు తిన్నాను, మీరు విడిగా కొనుక్కోండి.

పై పూత నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల క్లియర్ ఎపాక్సీ. ఐదు నిమిషాల రకం పూసేలోపే బిగుసుకుపోతుంది. రెండూ సమానంగా కలిపి పలచగా పూసి, ఎరని పుల్లకి గుచ్చి గంటసేపు ఐదు నిమిషాలకోసారి తలకిందులు చేస్తూ ఉండండి, లేదంటే అంతా కారి కడుపు కింద బొట్టు కడుతుంది. వాన పడుతున్న రోజు పూయొద్దు, తేమకి తెల్లగా మసకబారుతుంది. ఒకసారి ఎనామిల్ స్ప్రే మీద థిన్నర్ ఉన్న క్లియర్ పూత కొట్టాను, కాచిన పాల మీద మీగడలా రంగంతా ముడతలు పడింది. ఏ రెండు రంగులు కలిపినా ముందు పారేసే ముక్క మీద చూసుకోండి.

రెండు రోజులు ఆరనిచ్చి గాలం తగిలించండి. చాలా చెరువులు మత్స్యకారుల సంఘాల చేతిలో ఉంటాయి, అడిగే దిగండి. వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ముద్దలా కదులుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అక్కడ పాపర్ వేస్తే తప్పకుండా కొడతాయి, అందుకే అక్కడ వేయొద్దు.

ఇంకోటి మర్చిపోయాను. ఇంటికొచ్చాక రంగేసిన పాపర్లని మెత్తటి ప్లాస్టిక్ పురుగుల ఎరలతో ఒకే అరలో పెట్టకండి. ఆ ప్లాస్టిక్ తగిలి రంగు కరిగి జిగురవుతుంది. నా తొమ్మిదింటిలో ఒకదానికి ఇప్పుడు ఒక కన్ను లేదు.