వానాకాలపు నెమ్ము: ఈశాన్య రుతుపవనాలకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే సంక్రాంతి చలి తగ్గే వరకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దగ్గు, జలుబు లేని ఇల్లు అరుదు. వాటిలో చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. నెమ్ము (న్యుమోనియా) తెచ్చే న్యుమోకోకస్ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకో, మెదడు పొరల్లోకో చేరినప్పుడు మాత్రం కొద్ది గంటల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ బ్యాక్టీరియాలో 100కు పైగా రకాలు ఉన్నాయి. ఏ జబ్బూ లేని పసిపిల్లల ముక్కు వెనుక భాగంలో కూడా ఒకేసారి రెండు మూడు రకాలు ఉండవచ్చు; ఫ్లూ వచ్చి శ్వాసమార్గపు పొర దెబ్బతిన్నప్పుడు అవి లోపలికి దిగుతాయి. రక్తంలో సాధారణంగా ఒక రకమే దొరుకుతుంది కానీ, రెండు రకాలు కలిసి దాడి చేసిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో, చుక్కల్లా పెరిగిన బ్యాక్టీరియా గుంపుల్లో ఒకటి రెండింటినే తీసి చూస్తారు గనుక రెండో రకం కంటపడకుండా పోవచ్చు, మొదటి రకాన్ని బట్టి ఇచ్చిన మందు దానికి పనిచేయకపోనూవచ్చు. ఒక రకం గుణం మరో రకానికి చేరగలదు కూడా: 1928లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఈ బ్యాక్టీరియాలోనే చచ్చిన ప్రమాదకర రకాన్నీ, బతికున్న నిరపాయకర రకాన్నీ కలిపి ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి, వాటి రక్తంలో ప్రమాదకర రకం సజీవంగా కనిపించింది. మందులకు లొంగని గుణం కూడా ఒక రకం నుంచి మరో రకానికి ఇలాగే చేరుతుంది. అందుకే పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలను ఈసారి దగ్గుకు వేయడం చాలా తప్పు.

వానలకు ముందే బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే న్యుమోకోకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు పడి ఉండాలి. తప్పిపోతే ఏఎన్ఎంను అడగండి. టీకా అన్ని రకాలనూ ఆపదు, అయినా ఎక్కువగా ప్రాణాపాయం తెచ్చే రకాల నుంచి కాపాడుతుంది. షుగరు ఉన్నవారు, ప్లీహం (స్ప్లీన్) తీసివేయించుకున్నవారు, 65 ఏళ్లు దాటినవారు, చీమకుర్తి రాతి దుమ్ములో ఏళ్లుగా పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు పెద్దలకు ఇచ్చే టీకా గురించి వైద్యుణ్ణి సంప్రదించాలి. కట్టెల పొయ్యి దగ్గరా, పొగాకు బ్యారన్ దగ్గరా పసిబిడ్డను పడుకోబెట్టకండి.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోయినా, మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో వీలైతే మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందే కల్చర్‌కు రక్తం తీయించండి, కానీ దానికోసం చికిత్స ఆలస్యం కానీయకండి. మందు మొదలుపెట్టిన రెండు రోజులకు కూడా జ్వరం, ఆయాసం తగ్గకపోతే, అప్పటిదాకా వాడిన మందుల అట్టలూ చీటీలూ తీసుకుని అదే వైద్యుణ్ణి మళ్లీ కలవండి. తగ్గినట్టు కనిపించినా ఆయన చెప్పినన్ని రోజులూ మందు ఆపకూడదు.