టెక్సస్ చలిలో అవకాడో: కాపాడాల్సింది కొమ్మల్ని కాదు, మొదలును

నర్సరీలో మొక్కకు వేలాడే చీటీ మీద "18 డిగ్రీల వరకు తట్టుకుంటుంది" అని ఉంటుంది. (ఇక్కడి డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. 18 అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 8.) ఆ అంకె బాగా ముదిరిన చెట్టుకు, అదీ కాసేపు ఉండే చలికి సంబంధించినది. కుండీలోంచి ఇప్పుడే నేలలోకి దిగిన మొక్కకు 28 దగ్గరే ఆకులు, లేత కొమ్మలు మాడిపోతాయి. అందుకని మొదటి మూడు నాలుగు చలికాలాలు చెట్టును చీటీ కాపాడదు, మీరే కాపాడాలి.

హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్ చుట్టుపక్కల ఇంటి వెనక నేలలో పెంచాలనుకునే వారికి ఈ పద్ధతి. డాలస్, ఫ్రిస్కో వైపు నేలలో నాటడం జూదమే. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 నమోదైంది, హ్యూస్టన్‌లోనే 13కు పడిపోయింది. అంత చలికి ఏ అవకాడో కొమ్మా నిలవదు. ఉత్తరాన ఉన్నవారు చక్రాల స్టాండు మీద పెద్ద తొట్టిలో పెంచి, చలి రాత్రుల్లో గరాజ్‌లోకి తోసుకోవడం మేలు.

ఏ రకం

అవకాడోలో మూడు జాతులున్నాయి: వెస్ట్ ఇండియన్, గ్వాటెమాలన్, మెక్సికన్. చలికి ఆగేది మెక్సికన్. దాని ఆకును నలిపితే చాలావరకు సోంపు వాసన వస్తుంది. అవకాడో మన దాల్చినచెక్క, బిర్యానీ ఆకుల కుటుంబానిదే కాబట్టి ఆ వాసనలో వింతేమీ లేదు. వాసన బొత్తిగా లేకపోతే వేరే జాతి కలిసి ఉండొచ్చని అనుమానించండి. మెక్సికోలా, జోయి, లీలా, ఫెంటాస్టిక్ రకాలు టెక్సస్‌లో దొరుకుతాయి. దుకాణంలో కొనే హాస్ వద్దు. అందులో గ్వాటెమాలన్ పాలు కూడా ఉంది, 28కే కమిలిపోతుంది. తిన్న హాస్ పండు టెంకను గ్లాసులో మొలిపించి నాటినా అంతే. తల్లి లక్షణాలు రావు, కాపుకు ఏళ్లు పడుతుంది, చలికి ఆగుతుందన్న హామీ లేదు. అంటు మొక్కే కొనండి, మూడు నాలుగేళ్లలో కాస్తుంది.

కొనేటప్పుడు అంటు కట్టిన చోటు ఎక్కడుందో చూసుకోండి. కాండం మీద చిన్న వంపులా, బుడిపెలా కనిపిస్తుంది. మట్టికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చలికి పైభాగమంతా పోయినా అంటుకు పైన రెండంగుళాల కాండం బతికితే మీ రకం తిరిగి చిగురిస్తుంది. అది కూడా పోతే కింది నుంచి లేచేది వేరుమూలం, అంటే మీ రకాన్ని అంటు కట్టిన కింది మొక్క. చూడటానికి పచ్చగానే ఉంటుంది గానీ అది మీరు కొన్న చెట్టు కాదు. చలికాలం పనంతా ఈ రెండంగుళాల కోసమే.

నాటడం

అవకాడోలన్నీ చలితోనే పోవు. నీరు నిలిచి పోయేవి చాలా. దాని పీల్చు వేళ్లు పైపైనే ఉంటాయి. వాటి చుట్టూ నీరు నిలిస్తే ఫైటోఫ్తోరా బూజు పట్టి వేళ్లు నల్లబడి కుళ్లుతాయి. పైన ఆకులు వాడతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, చెట్టు ఇంకా త్వరగా పోతుంది.

అందుకే గుంటలో కాదు, దిబ్బ మీద నాటాలి. ఇంటికి దక్షిణం వైపు, గోడకు ఎనిమిది పదడుగుల దూరంలో, చూరు నీళ్లు పడని చోట, ఒకటిన్నర అడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పున మట్టి పోయండి. కింది నేలతో కలిసిపోయే మట్టే కావాలి. సంచుల్లో అమ్మే కంపోస్టుతోనే దిబ్బ కడితే ఏడాదికల్లా అణిగి, చెట్టు గుంటలో పడుతుంది. పెరటిలో పల్లపు మూల వద్దు, రాత్రి చల్లగాలి జారి చేరేది అక్కడికే.

మార్చిలో, చలి భయం పోయాక నాటండి. కుండీని కత్తితో కోసి తీయండి. వేళ్ల ముద్దను విప్పదీయొద్దు, విదల్చొద్దు, అవకాడో వేళ్లు దాన్ని సహించవు. నాటిన వెంటనే ఎరువు వేయకండి. కొత్త చిగురు వచ్చాక కొద్దికొద్దిగా మొదలుపెట్టి ఆగస్టుతో ఆపేయండి. సెప్టెంబరులో నత్రజని ఇస్తే లేత చిగురు వేసి, మొదటి చలికే మాడుతుంది. దిబ్బ మీద నాలుగంగుళాల మందాన చెక్క ముక్కలు పరచండి, కాండానికి మాత్రం ఆరంగుళాలు ఎడం వదలండి.

మొదటి వేసవి మొదటి చలికాలం కంటే తక్కువేమీ కాదు. నూరు డిగ్రీల ఎండలో లేత కాండం బెరడు కాలి పగులుతుంది. తెల్ల లేటెక్స్ పెయింటులో అంతే నీరు కలిపి కాండానికి పూయండి, పడమటి వైపు నీడ గుడ్డ కట్టండి. పైమట్టి రెండంగుళాలు ఆరాకే నీళ్లు.

శాన్ ఆంటోనియో సున్నపు నేలల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే అది ఇనుము లోపం. అక్కడ మామూలు ఐరన్ సల్ఫేట్ మట్టిలోనే బిగిసిపోతుంది, ఇ.డి.డి.హెచ్.ఎ రకం చీలేటెడ్ ఐరనే (మట్టిలో బిగియకుండా వేళ్లకు అందే ఇనుము) పనిచేస్తుంది. ఆకు కొసలు గోధుమరంగులో మాడుతుంటే నీటిలోని ఉప్పును అనుమానించండి. అప్పుడప్పుడూ ఒకేసారి బాగా నీరు పెట్టి ఉప్పును కిందికి దించాలి. వాటర్ సాఫ్ట్‌నర్ దాటిన నీళ్లు అసలు పోయొద్దు.

చలి రాత్రి

నవంబరు చివర్లో కాండం చుట్టూ పదిహేను, పద్దెనిమిది అంగుళాల ఎత్తున మట్టి కుప్ప పోసి అంటును పూడ్చేయండి. దీనికి కరెంటు అక్కర్లేదు, గాలికి ఎగిరిపోదు. మార్చి మొదట్లో తీసేయడం మరవొద్దు, వదిలేస్తే బెరడు కుళ్లుతుంది.

28 కంటే తక్కువ అని వాతావరణ సమాచారం వస్తే ముందురోజే చెక్క ముక్కలను పక్కకు లాగి నేలను తడపండి. తడి నేల పగటి వేడిని పట్టుకుని రాత్రి వదులుతుంది. మూడు వెదురు కర్రలు గానీ పైపులు గానీ పాతి, పైన ఫ్రాస్ట్ క్లాత్ (చలికి మొక్కల మీద కప్పే గుడ్డ) గుడారంలా నేల దాకా దించి, అంచుల మీద ఇటుకలు పెట్టండి. గుడ్డను గొడుగులా పైన కప్పి కాండానికి కట్టేయడం అందరూ చేసే తప్పు. వేడి వచ్చేది నేలలోంచి, దాన్ని బయటే వదిలేసినట్టవుతుంది.

లోపల పాతకాలపు సి9 (పెద్ద సైజు, వేడెక్కే) క్రిస్మస్ బల్బులు పెట్టొచ్చు. ఎల్‌ఈడీలు వేడినివ్వవు. ఇరవై ఐదు బల్బుల దండ 175 వాట్లు. పది గంటలకు ఒకటిన్నర యూనిట్లు దాటుతుంది. గుడ్డకు బల్బు తగలకుండా చూడండి. అయితే 2021లో లక్షల ఇళ్లకు కరెంటే పోయింది. అందుకని గుడారం లోపల ఐదు గ్యాలన్ల బకెట్లు రెండు మూడు నీళ్లతో నింపి పెట్టండి. నీరు గడ్డకడుతూ వేడిని వదులుతుంది. ఒక బకెట్ పూర్తిగా గడ్డకడితే వచ్చే వేడి, పై బల్బుల దండ రాత్రంతా ఇచ్చినదానికి ఇంచుమించు సమానం. ఎండ రాగానే గుడారం విప్పండి, లేకపోతే లోపల ఉడికిపోతుంది.

చలి పోయాక

ఆకులన్నీ గోధుమరంగులో వేలాడుతుంటే కత్తెర తీయాలనిపిస్తుంది. మే దాకా ఆగండి. ఎంతవరకు చచ్చిందో చెట్టుకే తెలియడానికి అంత సమయం పడుతుంది. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉన్నచోటు బతికున్నట్టు. ఆకుల నీడ పోయిన కాండానికి మళ్లీ తెల్ల పూత వేయండి. చిగుళ్లు వచ్చాక, అంటుకు కింద లేచినవి తుంచేసి, పైనున్న వాటిలో బలమైనది ఉంచండి.

చలి లేకుండానే, ఆకులు రాలకుండానే చెట్టు కొద్ది వారాల్లో కొమ్మ కొమ్మగా ఎండితే లారెల్ విల్ట్ కావచ్చు. చిన్న పురుగు మోసుకొచ్చే బూజు ఇది. 2002లో జార్జియాలో మొదలై టెక్సస్‌కూ చేరింది. వేరే ఊళ్ల వంటచెరకు పెరట్లోకి తేవొద్దు.

పూత, కాయ

పూత చలికాలం చివర్లో వస్తుంది. దాన్ని చలి కొడితే ఆ ఏడు కాయలుండవు. ఒక్కో పువ్వు ముందు ఆడదిగా, మూసుకుని మళ్లీ మగదిగా విచ్చుకుంటుంది. మెక్సికోలా లాంటి ఎ రకాలు పొద్దున ఆడవి, బేకన్, ఫ్యూర్టే లాంటి బి రకాలు మధ్యాహ్నం ఆడవి. ఒక్క చెట్టూ కాస్తుంది, రెండో రకం తోడుంటే ఎక్కువ కాస్తుంది.

మెక్సికోలా కాయలు వేసవి చివర్లో నల్లబడతాయి, కానీ చెట్టు మీద మెత్తబడవు. ఒకటి కోసి వారం రోజులు వంటింట్లో ఉంచండి. ముడతలు పడకుండా మెత్తబడితే మిగతావి కోయొచ్చు. తొక్క కాగితంలా పలచన, తినేయొచ్చు. ఆ పలచదనం ఉడతలకూ తెలుసు, కాబట్టి గుత్తులకు వల సంచులు ముందే కట్టండి.